గులాబీ మందు, నాలుగు మూతల ఉప్పు

ముప్పై ఏళ్ల సర్వీసులో నేను సొంతంగా రాసిన నినాదం ఒక్కటే. అది కూడా తప్పు. ఆ తప్పు ఆరేళ్లపాటు మా డెంటల్ ఓపీ గోడకి ఫ్రేములో బిగించుకుని రోజూ నా తలమీదే వేలాడింది. కొత్తగా ఉద్యోగంలో చేరి, గోడమీద ఏ పోస్టరు కనబడినా నిజమే అనుకుని ఫోన్లో ఫొటో తీసుకునే పిల్లలకి ఈ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో డెంటల్ హైజీనిస్టుగా చేశాను. పన్ను పీకేది డాక్టరు. అంతకుముందు గార గీకేది, ఆ తర్వాత పేషెంటుని తిట్టేది నేను. తిట్టడం నా డ్యూటీ లిస్టులో లేదు గాని, నా ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా దానికి సెలవు పెట్టలేదు.

పుట్టింది ప్రోతరాపూర్‌లో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మజ్దూరు. వేసవిలో మా ఊళ్లో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, బిందెలో మాత్రం చుక్క ఉండదు. అందుకే ఇక్కడ పుట్టినవాళ్లకి నీళ్లంటే భక్తి. కూర గిన్నె కడిగిన నీళ్లు మొక్కకి, బియ్యం కడిగిన నీళ్లు గిన్నెకి. ఎవరైనా కుళాయి తిప్పి వదిలేసి పళ్లు తోముకుంటూ కనబడితే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆ మంటలోంచే నా నినాదం పుట్టింది. చిగుళ్లవాపు ఉన్నవాళ్లకి మేం పుక్కిలించే మందొకటి ఇచ్చేవాళ్లం. సీసామీద క్లోర్‌హెక్సిడిన్ అని ఉంటుంది. రంగుని బట్టి అందరం గులాబీ మందు అనేవాళ్లం. ఎలాగూ మందుతో పుక్కిలిస్తారు కదా, మధ్యలో నీళ్లెందుకు దండగ అని నాకు తోచింది. పైన హిందీలో, కింద అదే తెలుగులో నేనే చేత్తో రాశాను: “పానీ బచావో, దాంత్ బచావో. పళ్లు తోముకున్నాక నీళ్లు వాడకండి. ఆ నురగ మీదే గులాబీ మందు పోసి పుక్కిలించండి.” ఒక పెద్ద సారు తనిఖీకి వచ్చి అది చదివి నా భుజం తట్టారు. మర్నాడే నా చేతి డబ్బులతో ఫ్రేము కట్టించాను.

ఆరేళ్ల తర్వాత ఒక భండారీ వచ్చాడు. భండారీ అంటే ఓడలో వంటవాడు. నలభై దాటిన మనిషి, మిన్నీ బే కాపురం, మాలాగే ఇక్కడే పుట్టిన తెలుగువాడు. దీవుల మధ్య తిరిగే ఓడలో పదకొండేళ్లుగా రోజువారీ మజ్దూరు కింద వంట చేస్తున్నాడు. ఆ ఏడాది ఎట్టకేలకు పర్మనెంటు పోస్టు పడింది. దానికి రెండు గండాలు. ఒకటి మెడికల్. రెండోది ట్రేడ్ టెస్టు, అంటే ఆఫీసర్ల ఎదురుగా వండి మెప్పించడం. మెడికల్‌లో నోరు తెరవమంటే తెరిచాడు, చిగుళ్లలోంచి నెత్తురు. వంటవాడికి ఇలాంటి నోరు పనికిరాదు, బాగు చేయించుకుని నెలలోపు రమ్మని కాగితం రాసిచ్చారు.

“దీదీ, ఈ పోస్టు పోతే మళ్లీ పడదు. అప్పటికి నా ఉమర్ దాటిపోతాది. ఈ నెల్లో బాగవ్వాల,” అన్నాడు.

“అవుతుంది భయ్యా, నేను చెప్పినట్టు చేస్తే,” అన్నాను.

పళ్ల మీది గారంతా గీకి, గులాబీ మందు ఇచ్చి, గోడమీది పోస్టరు చూపించాను. తెలుగు చదవడం రాదన్నాడు. హిందీలో రెండుసార్లు చదివి, ఫొటో తీసుకుని వెళ్లాడు.

పది రోజుల తర్వాత వస్తే చిగుళ్లు అలాగే ఉన్నాయి. అద్దం కడ్డీ తగిలితే చాలు నెత్తురు.

“మందు వాడలేదు నువ్వు,” అన్నాను.

“రోజూ రెండు పూటలా వాడాను దీదీ. కసమ్.”

“ఒట్లూ కసమ్‌లూ నా దగ్గర కాదు. నోరు చూస్తే తెలీదా నాకు? సముద్రంలో పారబోసుంటావు.”

అతను చేతిసంచీలోంచి ఖాళీ సీసా తీసి బల్లమీద పెట్టాడు. సీసా ఖాళీ అయినంత మాత్రాన మందు నోట్లోకే వెళ్లిందని నమ్మకమేంటి అని అడిగాను. వెనక బెంచీమీద ఉన్న పేషెంట్లు నవ్వారు. అతను నవ్వలేదు. “పదకొండేళ్లు ఓడలో చేశాను దీదీ. చేపల లెక్కలోగాని, నూనెలోగాని నన్ను జూటా అన్నవాళ్లు లేరు,” అన్నాడు. ఆ మాటకి కాస్త తగ్గాల్సింది. నేను తగ్గలేదు.

తగ్గకపోగా, అతను వెళ్లాక ఆలోచించి, మనిషి అబద్ధం చెప్పకపోతే మందే అబద్ధం అయ్యుండాలని తేల్చుకున్నాను. ఆ ఆరేళ్లలో గులాబీ మందు ఎవరికీ పెద్దగా పనిచేసిన గుర్తు లేదు మరి. స్టోర్సు వాళ్లకి రెండు పేజీల ఉత్తరం రాశాను. ఇచ్చింది మందు కాదు, రంగునీళ్లు అని. అది పంపేముందు రుజువు కోసం ల్యాబ్‌లోని దాదా దగ్గరికి సీసా పట్టుకెళ్లాను.

దాదా బెంగాలీ ఆయన. వాళ్ల భాషలో దాదా అంటే అన్నయ్య. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. రోజంతా సూక్ష్మజీవులతోనే గడుపుతాడు కాబట్టి మనుషులతో మాట్లాడటం తక్కువ. నా ఉత్తరం మొత్తం చదివి, “యే ఆద్మీ దవా లేతా కైసే హై?” అన్నాడు. అదే, మందు ఎలా వాడుతున్నాడని. నేను గర్వంగా ఫోన్లో నా పోస్టరు చూపించాను. దాదా కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివాడు. భండారీని పిలిపించి చిగుళ్ల దగ్గర పాచి కాస్త తీసి తెమ్మన్నాడు.

ఆ పాచిలోని జీవుల్ని ఒక గాజుపళ్లెంలో పరిచి రెండు చుక్కలు వేశాడు. ఒకవైపు ఉత్త గులాబీ మందు. రెండోవైపు టూత్‌పేస్టు నురగలో కలిపిన గులాబీ మందు. ఆ కలిపేటప్పుడే తెల్లగా విరిగిన పాలలా అయింది. నేనది పట్టించుకోలేదు. ఉత్తరానికి కవరు వెతుక్కుంటున్నాను.

రెండు రోజుల తర్వాత దాదా పళ్లెం చూపించాడు. ఉత్త మందు వేసిన చోట, చుక్క చుట్టూ గుండ్రంగా ఖాళీ. ఒక్క జీవి లేదు. నురగ కలిపిన చోట చుక్క అంచుదాకా దట్టంగా పెరిగి, హాయిగా కాపురాలు పెట్టుకున్నాయి.

“దవా ఠీక్ హై. ఆప్‌కా పోస్టర్ బీమార్ హై,” అన్నాడు దాదా. మందు బాగానే ఉంది, జబ్బు నా పోస్టరుకే అని. నా సర్వీసు మొత్తంలో ఆయన వేసిన జోకు అదొక్కటే. నా మీదే వేశాడు.

అసలు సంగతి ఇది. గులాబీ మందు సూక్ష్మజీవి ఒంటి పొరకి అతుక్కుని దాన్ని చింపేస్తుంది. అంతటితో ఆగదు. పళ్లకీ చిగుళ్లకీ కూడా పట్టుకుని గంటల తరబడి అక్కడే కాపలా కాస్తుంది. కాని టూత్‌పేస్టులో నురగ తెప్పించే సరుకుంటుందే, దానికీ దీనికీ ఎదురుపడితే చాలు, ఒకదాన్నొకటి కావలించుకుంటాయి. ఇక మందు పనికి పోదు. జెట్టీమీద చుట్టం కనబడి, కబుర్లలో పడి, ఓడ తప్పిపోయినవాడి పరిస్థితే దానిదీ. పళ్లు తోముకున్నాక నోరు నీళ్లతో బాగా కడుక్కోవాలి. కనీసం అరగంట ఆగాలి. అప్పుడు మందు. నేను ఆరేళ్లుగా అందరికీ సరిగ్గా దీనికి తలకిందులు చెప్పాను. రెండు బిందెల నీళ్లు మిగిల్చి, బోలెడు మందు సింకులో పోయించాను.

తల కొట్టేసినట్టయింది. స్టోర్సు ఉత్తరం నాలుగు ముక్కలు చేశాను. పోస్టరు మాత్రం, “గోడకి సున్నం కొడతారట” అని అబద్ధమాడి దింపేశాను. భండారీని పిలిచి, కొత్త పద్ధతి వచ్చిందని చెప్పాను. పాత పద్ధతి తప్పనీ, తప్పు నాదనీ చెప్పలేదు. అతన్ని అందరిముందూ అబద్ధాలకోరుని చేశానే, దానికి క్షమించమని అయినా అడగాల్సింది. అడగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాత రిజిస్టరు ముందేసుకుని, మందు వాడుతున్న వాళ్లందరికీ ఫోన్లు చేసి కొత్త పద్ధతి చెప్పాను. అందులో షిప్పింగ్ ఆఫీసులో ఒక పెద్ద సాబ్ కూడా ఉన్నారు. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.

కొత్త పద్ధతికి భండారీ చిగుళ్లు చూస్తుండగానే గట్టిపడ్డాయి. రెండు వారాలకి, శుక్రవారం నాడు, మెడికల్ పాసయ్యాడు. ట్రేడ్ టెస్టు సోమవారం. నేను ఎంత సంబరపడ్డానంటే, ఆ సాయంత్రం పళ్లు తోముకుంటూ పాట పాడబోయి నురగ మింగాను.

శనివారం పొద్దున డైరీ ఫార్మ్ అనే పేటలో ఉన్న మా ఇంటి తలుపు ఎవరో దబదబా బాదారు. భండారీ, వెనక అతని భార్య. ఆమె చేతిలో మూత పెట్టిన గిన్నె.

“దీదీ, ఇది తినండి,” అంది ఆమె.

చేపల పులుసు. ఒక్క చెంచా నోట్లో పెట్టుకున్నాను. సముద్రం మొత్తం ఎండబెట్టి అందులో వేసినట్టుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“సోమవారం టెస్టు కదా, చేయి చూసుకుందామని వండేడు,” అంది. “ఓడ మరమ్మతుకి వెళ్లింది. పదేను రోజులుగా ఇంట్లోనే ఉన్నాడు. నేనేటి వండినా ఉప్పు లేదంటాడు. కావాలనే లడాయి పెట్టుకుంటన్నాడనుకున్నాను. ఇయాల తన చేత్తో వండి, రుచి చూసి, ఇంకా చప్పగానే ఉందని మళ్లీ ఉప్పేస్తన్నాడు. ఈ మనిషి నాలుక చచ్చిపోయింది దీదీ!”

“పులుపు తెలుస్తంది, కారం తెలుస్తంది. ఉప్పొక్కటే తెలవటం లేదు. ఏటి దీదీ ఇది?” అన్నాడు భండారీ. నోరు తెరిచినప్పుడు చూశాను. చిగుళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, పళ్లే గోధుమరంగుకి తిరిగాయి.

“ఈ పళ్లు చూడండి. జర్దా మానేశానని కసమ్ తిన్నాడు. దొంగతనంగా నములుతన్నాడు,” అంది ఆమె.

ఇది జర్దా పొగాకు పని కాదేమో అని నాకు అనుమానం వచ్చింది. లోపలికి వెళ్లి, నా సంచీలోని మందు సీసాతోపాటు వచ్చిన సన్నక్షరాల కాగితం తీసి, కొన్నేళ్లలో మొదటిసారి మూడో వరస దాటి చదివాను. అంతా ఉంది అందులో. ఉప్పు రుచి తగ్గవచ్చు. టీ తాగేవాళ్ల పళ్లకి గోధుమ మరకలు పట్టవచ్చు. రెండూ మందు ఆపాక సర్దుకునేవే. రుచి కొద్ది రోజుల్లో వస్తుంది, మరకలు గీకితే పోతాయి. ఇన్నేళ్లూ ఈ ఫిర్యాదుతో ఒక్కరూ ఎందుకు రాలేదంటే, నా పోస్టరు దయవల్ల మందు మంచిగాని చెడుగాని ఏదీ చేయలేకపోయింది. పనిచేయడం మొదలుపెట్టగానే అన్నీ చేసింది.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. “చిగుళ్లు బాగయ్యాయిగా, మందు ఇవాళే ఆపించేయండి. నాలుక రెండు మూడు రోజుల్లో తేరుకోవచ్చు, ఒక్కొక్కరికి ఇంకాస్త పట్టొచ్చు,” అంది.

సోమవారం అంటే మధ్యలో ఒక్కరోజు.

భండారీ మా వరండా మెట్టుమీద కూలబడ్డాడు. “పదకొండేళ్లు దీదీ,” అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

అప్పుడు చెప్పాను. పోస్టరు తప్పని, ఆ పది రోజులూ అతను నిజమే చెప్పాడని, ఉప్పు సంగతి నేను చదవలేదని, అన్నీ వరసగా. అతను తలెత్తి, “అయితే నేను జూటా కాదు కదా?” అన్నాడు. కాదన్నాను. “సరే, ఇప్పుడు ఉప్పు సంగతి చూడండి,” అన్నాడు.

అతనెప్పుడూ ఉప్పు కొలిచి ఎరగడు. గుప్పిట్లోకి తీసుకోవడం, విదల్చడం, నాలుకకి రాసుకోవడం. ఓడల్లో పాత భండారీలంతా అంతేనట. కొలిచి వండేవాడిని వెనకాల నవ్వుతారట. నవ్వితే నవ్వారు, కొలుద్దాం అన్నాను. ఆదివారం పొద్దున్నే మిన్నీ బేలో వాళ్లింటికి వెళ్లాను. సోమవారం రెండు కిలోల సుర్మాయి ఇస్తామని నోటీసులో ఉంది. మేం అరకిలో చొప్పున వండి చూడాలనుకున్నాం. సుర్మాయి అంటే మన వంజరమే.

కొలవడానికి ఏదీ? వాళ్లింట్లో చెంచాలన్నీ తలో సైజు. నా సంచీలో వెతికితే గులాబీ మందు సీసా తగిలింది. దాని మూతకి లోపల గీతలుంటాయి, ఎంత పోసుకోవాలో తెలియడానికి. మూత శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఉప్పుడబ్బాలో వేశాను. “దీని మూలంగా పోయింది, దీంతోనే తేవాల,” అన్నాడు భండారీ. ఆ రోజు అతను నవ్వడం అదే మొదటిసారి.

మొదటి గిన్నెలో మూతన్నర వేశాం. ఆమె, నేను ఒకేసారి ఉమ్మేశాం. రెండో గిన్నెలో అరమూత. ఆసుపత్రి వార్డు తిండిలా ఉంది. మూడో గిన్నెలో గీత దాకా సరిగ్గా ఒక మూత. ఆమె రెండు చెంచాలు తిని, అన్నం పెట్టుకోవడానికి లేచింది. అదే సర్టిఫికెట్టు. రెండు కిలోలకి నాలుగు మూతలు. సాయంత్రానికి మేమిద్దరం వాళ్లింట్లోని మంచినీళ్లన్నీ తాగేశాం. కుళాయి మర్నాటికిగాని రాదు.

ట్రేడ్ టెస్టు జెట్టీ దగ్గర ఆఫీసు క్యాంటీన్‌లో. నేను క్యాజువల్ లీవు పెట్టి, అతని భార్యతో కలిసి వంటగది కిటికీ బయట నిలబడ్డాను. జాలీలోంచి అంతా కనబడుతోంది. భండారీ నాలుగు మూతలు కొలిచి వేశాడు. పక్కనున్న క్యాంటీన్ వంటవాళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. భండారీ ఒక్కసారి కూడా రుచి చూడలేదు. చూసి ఏం లాభం?

ముగ్గురు ఆఫీసర్లు వచ్చి కూర్చున్నారు. మధ్యలో పెద్ద సాబ్. మొదటాయన పులుసు చవిచూసి “బఢియా, చాలా బాగుంది” అన్నాడు. రెండో ఆయన తలూపాడు. పెద్ద సాబ్ తిని మొహం చిట్లించారు.

“నమక్ బహుత్ కమ్ హై, ఉప్పే లేదు. ఇదేం వంట?”

బఢియా అన్నాయన వెంటనే, “హా సర్, థోడా కమ్ తో హై,” అన్నాడు. తలూపినాయన తల ఇప్పుడు అడ్డంగా ఊగింది.

“ఔర్ డాలో, ఇంకా వెయ్యి,” అన్నారు సాబ్, ఉప్పుడబ్బా చూపిస్తూ.

భండారీ డబ్బా దగ్గరికి వెళ్లాడు. చేయి లోపల పెట్టాడు. అతని భార్య కిటికీ జాలీ పట్టుకుంది. వద్దు, వద్దని తలూపుతోంది. అతని నాలుక సాక్ష్యం చెప్పదు. ఒకవైపు ఒక మూత, ఇంకోవైపు ముగ్గురు ఆఫీసర్లు, పదకొండేళ్లు. ఉప్పు వేస్తే పులుసు పోతుంది, వేయకపోతే సాబ్‌కి కోపం. నేను వేసేస్తాడనే అనుకున్నాను. నేనైతే వేసేదాన్ని.

సాబ్ ఈలోగా టీ ఒక గుక్క తాగి, పక్కాయనతో ఏదో అని నవ్వారు. భండారీ ఆ నవ్వుకేసి చూశాడు. చేయి డబ్బాలోంచి ఖాళీగా బయటికి వచ్చింది.

“సాబ్, నారాజ్ మత్ హోనా, కోపం తెచ్చుకోకండి. మీరు డెంటల్ దీదీ ఇచ్చిన గులాబీ దవా పుక్కిలిస్తున్నారా?” అని హిందీలో అడిగాడు.

సాబ్ కప్పు దించేశారు. “తుమ్హే కైసే మాలూమ్? నీకెలా తెలుసు?”

భండారీ పళ్లు బయటపెట్టాడు. సాబ్ ఆ పళ్లని చూసి, తనకి తెలియకుండానే తనవీ బయటపెట్టారు. రెండు వరసలూ ఒకే గోధుమ రంగు. ఆఫీసరూ రోజువారీ మజ్దూరూ ఎదురెదురుగా పళ్లికిలించుకుని నిలబడితే, ఎవరూ నవ్వడానికి ధైర్యం చేయలేదు.

భండారీ అంతా చెప్పాడు. సాబ్ బల్లమీద చరిచారు. “పంద్రా దిన్ సే, పదిహేను రోజులుగా ఉప్పు లేదని మా ఆవిడతో రోజూ యుద్ధం! జర్దా తింటున్నానని ఆవిడ నాతో యుద్ధం!” అని, పక్కవాళ్లకేసి తిరిగారు. “మీరిద్దరూ నిజం చెప్పండి. నమక్ ఎలా ఉంది?”

“ఏకదమ్ బరాబర్ సర్,” అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

“ఏదీ ఆ దీదీ?” అన్నారు సాబ్. నేను చటుక్కున కిటికీ కింద కూర్చుండిపోయాను. భండారీ భార్య నన్ను చెయ్యి పట్టుకుని లేవదీసి, “ఇదిగో సాబ్, ఇక్కడే ఉంది!” అంది. పోస్టరు సంగతి ఆ క్యాంటీన్‌లో అందరిముందూ నా నోటితోనే చెప్పుకోవాల్సి వచ్చింది. అతన్ని ఎంతమంది ముందు అబద్ధాలకోరన్నానో, అంతకు రెండింతల మంది ముందు.

భండారీకి పోస్టు వచ్చింది. నేను మర్నాడే కొత్త పోస్టరు రాశాను. కిందనే, పాతది తప్పు, రాసింది నేనే అని కూడా రాశాను. దానికి ఎవరూ నా భుజం తట్టలేదు. ఫ్రేము మాత్రం పాతదే వాడాను.

ఈ మధ్య, రిటైరయ్యాక, ఒక పెళ్లికని లిటిల్ అండమాన్ వెళుతూ అతని ఓడే ఎక్కాను. గ్యాలీలో, అంటే ఓడ వంటింట్లో, ఉప్పుడబ్బాకి దారం కట్టి ఆ మూత వేలాడుతోంది. గీతలు అరిగిపోయాయి. కింద పనిచేసే కుర్ర వంటవాళ్లు నవ్వకుండా దాంతోనే కొలుస్తున్నారు. భండారీ ఇప్పుడు హెడ్. స్వయంగా పళ్లెం తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా నిలబడ్డాడు. నేను రెండు ముద్దలు తిన్నాను.

“ఎలాగుంది దీదీ?”

“బాగుంది భయ్యా,” అన్నాను. “కాకపోతే, కాస్త ఉప్పు తగ్గిందేమో.”

అతను ఉప్పు తేవడానికి కదల్లేదు. చేతులు కట్టుకుని నా మొహంలోకి చూశాడు.

“నోరు తెరవండి దీదీ,” అన్నాడు.

పై చిగురు వాచి, వారం రోజులుగా నేనూ గులాబీ మందు పుక్కిలిస్తున్నాను. నీళ్లతో కడుక్కుని, అరగంట ఆగి, సరిగ్గా నా రెండో పోస్టరులో రాసినట్టే. టీ మాత్రం మానలేదు. నేను నోరు తెరిచాను.